సూది రోజు శిక్షణ కేంద్రం

దినం 212

శిక్షణ కేంద్రం నడిపే ప్రతివాడూ రోజువారీ చిట్టా రాసి పంచాయతీకి పంపాలని మా గుమ్మటంలో నియమం. పదకొండేళ్ళుగా పంపుతున్నాను. ఎవరైనా చదువుతున్నారో లేదో చూద్దామని ఒకసారి మధ్యలో వంకాయ పులుసు పెట్టే విధానం రాసి పంపాను. "అందినది, సంతృప్తికరం" అని ముద్ర వేసి తిప్పి పంపించారు. ఆ రోజు నుంచి ఇందులో నిజాలు రాస్తున్నాను.

నా పేరు కొమ్మూరి విరూపాక్షం. కుజుడి మీద, మూడో గుమ్మటంలో, నాలుగో వీధిలో ఉన్న "విరూపాక్షం సూది రోజు శిక్షణ కేంద్రం" నాదే. సూది రోజంటే ఆరు నెలలకోసారి ఊరు ఊరంతా పరగడుపున వరసలో నిలబడి చెయ్యి చాపే రోజు. చక్కెరా, బీపీ చూస్తారు. చక్కెర నూట ఇరవై ఆరు లోపుంటే ఇంటి తలుపు మీద దీపం ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ పైనుంటే పసుపు. ఇంట్లో ఒక్కరు తప్పినా ఇంటి దీపం పసుపే.

పసుపు దీపం ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లని తెచ్చుకోరు. కుజుడి మీదే పుట్టి కుజదోషం చూసుకోవడమేమిటని మా పెద్దలు జాతకాలు మానేశారు. మహా అభ్యుదయవాదులు. ఇప్పుడు పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు గుమ్మంలో తలెత్తి దీపం చూస్తారు. ఆకుపచ్చైతేనే చెప్పులు విప్పుతారు.

మరి ఇంతమందిని పాస్ చేయించే పుణ్యాత్ముడు ఒకడుండాలి కదా. నా దగ్గర చేరినవాళ్ళకి సూది రోజుకి పది రోజుల ముందు నుంచి బీట్‌రూట్ బెల్లం బంద్. అన్నం పిడికెడు. పొద్దున మెంతుల నీళ్ళు, సాయంత్రం వీధి చుట్టూ ఆరు ప్రదక్షిణలు. బీపీ వాళ్ళు ఊరగాయ ముట్టకూడదు, తోడికోడలితో మాట్లాడకూడదు. పదకొండేళ్ళలో నా విద్యార్థి ఒక్కడూ ఫెయిలవలేదు. మిగతా నూట డెబ్బై రోజులూ వాళ్ళేం తింటారో నేను అడగను. అది నా సబ్జెక్టు కాదు.

నా మొదటి విద్యార్థిని నా భార్య హైమవతి. ఎప్పుడు చూసినా తొంభైల్లోనే ఉంటుంది. "వరసగా ఇరవై ఒక్కసార్లు ఆకుపచ్చ" అని కింద రాసి ఆమె ఫొటో కేంద్రం గోడకి తగిలించాను. కొత్తగా చేరేవాళ్ళు ఆ ఫొటోకి దణ్ణం పెట్టుకుని కూర్చుంటారు. హైమకి అదంటే చచ్చే సిగ్గు.

ఇవాళ మా ఇంటి నీళ్ళ మీటరు మామూలుకి రెట్టింపు చూపించింది. ఎక్కడో లీకు. ఈ గ్రహం మీద బంగారం పోయినా ఎవరూ అడగరు గానీ చెంబుడు నీళ్ళు పోతే పంచాయతీ పిలుస్తుంది. రేపు అప్పలకొండని రమ్మనాలి.

దినం 213

అప్పలకొండ నాలుగో వీధి నీళ్ళ గొట్టాలు చూసే మనిషి, మా పక్కింటివాడు, నా దగ్గర తొమ్మిదేళ్ళుగా విద్యార్థి. పొద్దున్నే వచ్చి వంటింటి గోడ విప్పాడు, స్నానాల గది నేల విప్పాడు. మధ్యాహ్నానికి ఇల్లంతా విప్పేసి, చెమట తుడుచుకుంటూ నా ముందు నిలబడ్డాడు.

"లీకు నేదు గీకు నేదు మాస్టారూ. నీల్లు ఎంత లోనకెల్తన్నాయో అంతా తిరిగి గొట్టంలోకొచ్చేస్తన్నాయి. మద్దెన ఎవులో తెగ తాగేస్తన్నారు."

"ఉన్నదే ఇద్దరం. నేను తాగేది రోజుకి రెండు చెంబులు."

"మరి నానేటి సెప్పేది? మీటరు అబద్ధమాడదు గదా."

హైమ గుమ్మంలో నిలబడి వింటోంది. చేతిలో మంచినీళ్ళ చెంబు. నేను మీటరే పాడైందని తీర్మానించి, కొత్త మీటరు కోసం అర్జీ పెట్టాను. మా వంశంలో ఈ తెలివి ముందు నుంచీ ఉంది.

దినం 217

పాత డాక్టరు పోయిన నెల రిటైరయ్యారు. దేవుడిలాంటి మనిషి. ఇరవై ఏళ్ళలో ఎవరికీ ఏ జబ్బూ ఉందని చెప్పి ఎరగరు. ఆయన స్థానంలో రెండో గుమ్మటం నుంచి జుబేదా అని ఒకావిడ వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. నవ్వుతూనే ఉంటుంది, అదే భయం.

వచ్చిన మూడో రోజునే నా కేంద్రానికొచ్చి గోడ మీద ఫొటోలన్నీ తీరిగ్గా చూసింది.

"మీరేనా కోచింగ్ సార్? మీ రికార్డులు సూసిన. మూడువేల మందిల ఒక్కరికి గూడ షుగర్ లేదట. మా దిక్కు జెప్తే అందరు నవ్విన్రు."

"క్రమశిక్షణ డాక్టరమ్మా," అన్నాను వినయంగా.

"పది దినాల క్రమశిక్షణ. తెల్సు సార్. ఈసారి నేను మూడు నెల్ల టెస్టు చేస్త."

అదేమిటో చెప్పింది. పది రోజులు కడుపు మాడ్చుకుంటే పరగడుపు చక్కెర కొంత దిగుతుందిట. కానీ రక్తంలో ఎర్రకణాలకి అంటుకున్న చక్కెర ఆ కణం చచ్చేదాకా ఊడదుట. అది కొలిస్తే గడిచిన మూడు నెలల్లో చక్కెర సగటున ఎంతుందో బయటపడుతుందిట.

"మీరు నాకు అబద్ధం చెప్పొచ్చు సార్. రక్తం మాత్రం మూడు నెల్ల ముచ్చట యాదికి పెట్టుకుంటది."

ఇంత మర్యాద లేని టెస్టు గురించి నేను వినలేదు. మనిషి తప్పు చేశాక తప్పు దిద్దుకోవడానికి పది రోజులైనా గడువివ్వదా? పైగా రక్తమట, గుర్తుపెట్టుకుంటుందట. మా అత్తగారు కూడా ఇంత గుర్తుపెట్టుకోలేదు.

దినం 219

కేంద్రంలో సభ. కూర్చోడానికి చోటు చాలక జనం నడవలో నిలబడ్డారు. ఇంతమంది ఏనాడూ పాఠానికి రాలేదు.

"సూది రోజుకింకా ఇరవయ్యేడు రోజులే ఉన్నాయి గదా మాస్టారూ! మూడు నెల్ల పాఠం ఇరవయ్యేడు రోజుల్లో ఎలాగ సదివేది?" అని అప్పలకొండ లేచాడు. "ఇది సిలబస్‌లో నేదు. నానిది మూడు మార్లు సూసేను, నేదు."

నిజమే, లేదు. ఒకావిడ తన కూతురి పెళ్ళి వచ్చే నెలలోనే అని ఏడ్చింది. ఇంకొకాయన, రక్తం ఆయన సొంతమనీ, అందులో ఏముందో తెలుసుకునే హక్కు ఎవరికీ లేదనీ, తనకి కూడా లేదనీ గంభీరంగా చెప్పాడు. దానికి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

పంచాయతీకి అర్జీ నేనే రాశాను. "ముందస్తు హెచ్చరిక లేకుండా ప్రజల గతంలోకి తొంగిచూడటం సంస్కారం కాదు" అనే వాక్యం నాదే. మూడు వందల సంతకాలు వచ్చాయి. హైమ కూడా పెట్టింది. ఆమె సంతకం గీత మీద కాకుండా వేలెడు కిందకి పోయింది.

"కళ్ళజోడు మార్చుకో," అన్నాను.

"మార్చుకున్నానండీ పోయిన నెలే. మళ్ళీ మసగ్గానే ఉంది," అంది.

కళ్ళజోళ్ళు చేసేవాడి పనితనం గురించి కూడా ఒక అర్జీ పెట్టాలి.

దినం 224

గెలిచాం. మూడు నెలల టెస్టు ఇష్టమున్నవాళ్ళకేనని పంచాయతీ తీర్పు ఇచ్చింది. చేయించుకోదలచినవాళ్ళు ఆసుపత్రి గోడ మీద కాగితంలో పేరు రాసుకోవచ్చు. సాయంత్రం వెళ్ళి చూసొచ్చాను. తెల్ల కాగితం. కన్నుల పండువగా ఉంది.

నాకు కాగితం పూల దండ వేశారు. సభలో హైమ వెనక వరసలో కూర్చుని ఒక జగ్గు నీళ్ళు తాగి, రెండుసార్లు లేచి బయటకెళ్ళొచ్చింది. ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ చేరి "ఎంత సన్నబడ్డావమ్మా, ఏం చేస్తున్నావు, మాకూ చెప్పు" అని ఒకటే గోల. ఈ గ్రహం మీద మనిషి మూడో వంతే తూగుతాడు కాబట్టి అందరం సన్నగానే ఉన్నామని మా అందరికీ ఒక నమ్మకం. హైమ నిజంగానే సన్నబడింది. జాకెట్లు వదులయ్యాయి. నేను గర్వంగా చూశాను.

దినం 231

ఇవాళ హైమ తోటహాలు నుంచి ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో కాలు ఉత్తదే పెట్టుకుని ఇంటికొచ్చింది. తోటహాల్లో పాదుల మధ్య వేడినీళ్ళ గొట్టాలుంటాయి. అక్కడ ఆమెకి బీరపాదుల పని.

"రెండో చెప్పేదీ?" అన్నాను.

కిందకి చూసుకుంది. అప్పుడు గానీ ఆమెకి తెలియలేదు. "అయ్యో, ఎక్కడ జారిపోయిందో," అని నవ్వింది. అరగంట దూరం నడిచొచ్చింది, ఉత్త కాలితో.

"ఇవాళ చెప్పు వదిలేశావు, రేపు కాలు కూడా అక్కడే వదిలేసి వస్తావా?" అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. సాయంత్రం అప్పలకొండకి కూడా చెప్పాను, వాడూ నవ్వాడు.

దినం 238

పది రోజుల తరగతి మొన్ననే మొదలైంది. ఈ వారమంతా ఊరు చూడముచ్చటగా ఉంటుంది. మిఠాయి దుకాణం మూత. ప్రదక్షిణల దారిలో తోపులాట. ఎదురైనవాళ్ళ నోట్లోంచి మెంతుల వాసన. ఈ పది రోజుల్లోనే ఇంత ఆరోగ్యంగా ఉంటే మిగతా రోజుల్లో ఎందుకుండరని ఒక పిచ్చి ప్రశ్న ఒక్కోసారి నాకు తడుతుంది. తట్టిన వెంటనే కాస్త పని కల్పించుకుంటాను.

హైమ నా పాఠాన్ని మించిపోయింది. పిడికెడు అన్నం కూడా మానేసి మజ్జిగ నీళ్ళ మీద ఉంటోంది. ఇంట్లో కూడా మేజోళ్ళు వేసుకు తిరుగుతోంది. ఎందుకంటే చలంటుంది. గుమ్మటంలో ఏడాది పొడుగునా ఇరవై నాలుగు డిగ్రీలే. ఆడవాళ్ళ చలికి థర్మామీటరు పనిచెయ్యదు మరి. నాలుగు రోజులుగా ఇంట్లో అగరొత్తులు కూడా ఎక్కువ వెలిగిస్తోంది. భక్తి పెరిగిందనుకున్నాను.

కొత్త మీటరు వచ్చింది. అది కూడా రెట్టింపే చూపిస్తోంది. వీళ్ళ సరుకంతా ఒకటే.

దినం 246, సూది రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే వరస. నా విద్యార్థులు నూట పన్నెండు మంది, అందరూ ఆకుపచ్చ. చివర్లో హైమ. తొంభైల్లో రావలసిన మనిషికి నూట ఇరవై మూడు వచ్చింది.

"నూట ఇరవై మూడైనా ఆకుపచ్చేగా," అన్నాను డాక్టరమ్మతో, గొంతు తగ్గించి.

"సార్, దీపానికి ఆకుపచ్చనే. మనిషికి కాదు. నూరు దాటితేనే సోంచాయించాలె." ఆమె హైమ వంక చూసింది. "అమ్మా, ఎన్ని దినాలైంది నువ్వు అన్నం తిని?"

హైమ నా వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను.

సూది రోజు అవగానే మా ఊళ్ళో తీపి పంక్తి ఉంటుంది. రక్తం తీసిన చేతికి దూది, రెండో చేతికి నాచుపిండి బొబ్బట్టు. పది రోజులు కడుపు కట్టుకున్న జనం కదా, బొబ్బట్లని బొబ్బట్లలా తినరు, పగ తీర్చుకుంటారు. ప్రతిసారీ వడ్డించేది హైమే. ఇవాళ కూడా పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నేను సంతోషమనుకున్నాను. అది జ్వరం.

తెల్లటి నేల మీద ఆమె నడిచిన చోటల్లా ఎడమ పాదం తడి ముద్ర పడుతోంది. నేను చూడలేదు. మూడు వందల మంది బొబ్బట్లు తింటూ చూడలేదు. డాక్టరమ్మ చూసింది. చేతిలో బొబ్బట్టు పక్కన పెట్టి లేచి, హైమ భుజం చుట్టూ చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళింది. నన్నూ రమ్మంది.

"అమ్మా, గా సాక్సు ఇప్పు."

"పర్వాలేదమ్మా, చిన్న బొబ్బ. పసుపు పెట్టాను."

"ఇప్పు తల్లీ."

హైమ విప్పలేదు. డాక్టరమ్మ తనే కింద కూర్చుని మెల్లగా విప్పింది. అగరొత్తులు ఎందుకు వెలిగించిందో అప్పుడర్థమైంది. బొటనవేలి కింద, పక్క వేలి కింద చర్మం లేదు. నల్లగా ఉంది. వేడినీళ్ళ గొట్టం మీద ఉత్త కాలు పెట్టి అలాగే నిలబడి బీరకాయలు కోసిందిట, చెప్పు జారిన రోజు. కాలితే తెలుస్తుంది కదా ఎవరికైనా? తెలియలేదుట. ఏడాదిగా ఆ పాదాలకి ఏదీ తెలియడం లేదుట.

"ఏడాదా?" అన్నాను.

హైమ తల ఊపింది.

దినం 247

హైమకి చేసిన మూడు నెలల టెస్టు ఫలితం: పది పాయింట్ తొమ్మిది. ఆరున్నర దాటితే షుగర్ ఉన్నట్టుట. మా ఇంటి దీపం పసుపుకి మారింది. ఏడెనిమిదేళ్ళ నుంచి ఉండి ఉంటుందని డాక్టరమ్మ అంది. ఏడెనిమిదేళ్ళు అంటే పదిహేను సూది రోజులు. పదిహేనుసార్లు నా దగ్గర పాఠం నేర్చుకుని, పదిహేనుసార్లు నా భార్య తన జబ్బుని ప్రభుత్వం వారి సూదికి దొరక్కుండా దాటించింది. నేనే దాటించాను. ఫొటో కట్టి గోడకి కూడా తగిలించాను.

"మామూలు జబ్బే సార్ ఇది," అంది డాక్టరమ్మ. "ముందుగాల తెలిస్తే మాత్రలతోని, నడకతోని ఆగేది. బీపీ అంతే, థైరాయిడ్ అంతే. ఏమంత గొప్ప రోగాలు గావు. తెల్వకపోవుడే రోగం."

నీళ్ళు తాగడం, సన్నబడటం, కళ్ళు మసకలు, చెప్పు జారడం. అన్నీ ఈ చిట్టాలో ఉన్నాయి. నా చేతి రాతతోనే ఉన్నాయి. ఎవరూ చదవరని రాశాను. రాసినవాడు కూడా చదవలేదు.

రెండు వేళ్ళు తీసెయ్యాలి. వెంటనే తీస్తే పాదం దక్కుతుంది. ఆలస్యమైతే మోకాలి దాకా. ఆపరేషన్ రెండో గుమ్మటంలో. ఎర్ర దుమ్ము తుఫాను తగ్గితేనే బండి కదులుతుంది. అంతవరకు మందులు, ఇన్సులిన్.

దినం 248

తుఫాను తగ్గలేదు.

హైమని అడిగాను. అడిగానంటే, అరిచాను. ఆసుపత్రిలో గట్టిగా అరవకూడదని బోర్డు ఉంది, దాని కిందే నిలబడి అరిచాను. "ఎందుకు చెప్పలేదే నాకు? పుండు పడి పదిహేను రోజులు! మనిషివా రాయివా?"

ఆమె దుప్పటి అంచు సర్దుకుంటూ చెప్పింది. "చెప్తే ఏం చేసేవారు? దీపం పసుపవుతుంది. విరూపాక్షం మాస్టారి పెళ్ళామే ఫెయిలైందంటే మీ దగ్గరికి ఎవరొస్తారండీ? సూది రోజు దాటాక చెబ్దామనుకున్నాను. ఒక్క పదిహేను రోజులే కదా అనుకున్నాను."

"కేంద్రం తగలబడనీ!"

"ఇప్పుడంటున్నారు," అంది హైమ. అంతే. కోపం కూడా లేదు ఆ గొంతులో. నాకు ఏడుపొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, బోర్డు కింద నిలబడి ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

డాక్టరమ్మ నన్ను బయటికి తీసుకొచ్చి టీ ఇచ్చింది. చక్కెర లేని టీ. గుమ్మటాన్ని పైనుంచి దుమ్ము కమ్మేసి వీధి చీకటైపోయింది, ఏమీ కనిపించడం లేదు, తలుపు దీపాలు తప్ప. అన్నీ ఆకుపచ్చే, మా ఇంటిది తప్ప.

"ఈ దీపాలు ఎందుకు పెట్టిన్రో ఎర్కేనా సార్? మొదాలు వచ్చినోళ్ళ కాయితాలు మా దగ్గర ఉన్నయి. తుఫాన్ల డాక్టర్‌కు ఇల్లు దొర్కాలె గదా. పసుపు దీపం అంటే, ముందుగాల ఈ ఇంటికి పోవాలె అని. గంతే. ఆకుపచ్చ అంటే, ఈ ఇల్లు ఆగుతది అని."

దీపాలు పెట్టిన ఈ నలభై నాలుగేళ్ళుగా మేమందరం కలిసి డాక్టరుకి దారి తప్పించే పనిలో ఉన్నామన్నమాట. నేను అందులో శిక్షణ ఇస్తున్నాను.

దినం 251

బండి కదిలింది. ఎక్కించేటప్పుడు హైమ నా చెయ్యి పట్టుకుని, "రేపు కాలు కూడా అక్కడే వదిలేసి వస్తావా అన్నారే, గుర్తుందా?" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

దినం 263

ఆపరేషన్ అయింది. వేళ్ళు రెండు. పాదం దక్కింది. చక్కెర దారికొస్తోందిట. ఇంకో పది రోజుల్లో వస్తుంది.

ఇవాళ పొద్దున ఆసుపత్రికి వెళ్ళి గోడ మీద కాగితంలో నా పేరు రాశాను. మొదటి పేరు. నాలుగో వీధిలో ఇంతవరకూ ఎవడూ చెయ్యని సాహసం చేసినట్టు గుండె దడదడలాడింది, సిగ్గులేకుండా. సాయంత్రానికి ఫలితం వచ్చింది. ఎనిమిది పాయింట్ ఒకటి. బీపీ నూట అరవై ఎనిమిది. మాస్టారు కూడా బాగా చదువుకున్నవాడే. ఈ పదకొండేళ్ళూ తన పాఠం తనే చదువుకుని పాసయ్యాడు.

"మీది ఇప్పుడే దొర్కింది సార్. పాదాలు మంచిగున్నయి, కండ్లు మంచిగున్నయి. అదృష్టం," అంది డాక్టరమ్మ. ఆ అదృష్టానికి ఖరీదు ఎవరు కట్టారో మా ఇద్దరికీ తెలుసు. మాత్రలు తీసుకుని వచ్చేశాను.

దినం 275

హైమ ఇంటికొచ్చింది. గోడ మీద ఫొటో తీసేయబోతుంటే వద్దంది. కింద రాసింది మాత్రం మార్చమంది. "ఇరవై రెండుసార్లు ఆకుపచ్చ, రెండు వేళ్ళు తక్కువ" అని రాయమంది. కలం ఆమె చేతికే ఇచ్చాను. తనే రాసింది, వంకర అక్షరాలతో.

అప్పలకొండ పరామర్శకొచ్చాడు. పసుపు దీపం కింద నిలబడి, చెప్పులు విప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, విప్పాడు. లోపలికొచ్చి ఆ ఫొటో చదివాడు. మళ్ళీ ఒకసారి చదివాడు. వాడికి నీళ్ళ మీటరు గుర్తొచ్చి ఉంటుంది, నాకొచ్చినట్టే.

"వదినగారు తాగీసిన నీల్లా మాస్టారూ అవి?" అన్నాడు ఆఖరికి. "నా ఇంటి మీటరు కూడా ఎక్కువే సూపిస్తంది. మూడు నెల్లయి."

"కాగితంలో పేరు రాసెయ్."

"రాస్తే ఫెయిలైపోతాను గదా."

"అవుతావు."

వాడు తల గోక్కున్నాడు. తరవాత, నా విద్యార్థి కాబట్టి, నేను తయారుచేసిన బుర్ర కాబట్టి, ఆ ప్రశ్న అడిగాడు. "పోనీ మాస్టారూ, రెండో మారు టెస్టుకి దీన్ని కూడా మోసం సేసే ఉపాయం ఉంటాది గదా? మీకు తెలీకుండా ఉంటాదా?"

హైమ నా వంక చూసింది. ఈసారి నేను పైకప్పు వంక చూడలేదు.

"ఉంది," అన్నాను. "కానీ కష్టం. మూడు నెలలు, రోజూ మోసం చెయ్యాలి. ఒక్క రోజు కూడా మానకూడదు. అన్నం తగ్గించాలి, బెల్లం మానాలి, రోజూ నడవాలి, డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు వేళకి మింగాలి. అలా తొంభై రోజులు గట్టిగా మోసం చేస్తే ఆ టెస్టుకి అనుమానం రాదు."

"అంతే గదా!" అని అప్పలకొండ మొహం విప్పారింది. "ముందే సెప్పొచ్చు గదా!"

దినం 366

కేంద్రం మళ్ళీ నడుస్తోంది. కాగితంలో రెండు వందల నలభై పేర్లు వచ్చాయి, నాలుగో వీధిలో పద్దెనిమిది ఇళ్ళకి పసుపు దీపాలు. పాఠం పది రోజులది కాదు, తొంభై రోజులది. ఇంతకన్నా గొప్ప మోసం ఈ గ్రహం మీద ఎవరూ చెయ్యలేదని జనం మురిసిపోతున్నారు. మొన్న అప్పలకొండ రెండో టెస్టులో తొమ్మిది నుంచి ఆరు పాయింట్ ఎనిమిదికి దిగాడు. డాక్టరమ్మకి టోపీ పెట్టేశానని వీధంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. డాక్టరమ్మ కూడా బాగా మోసపోయినట్టే మొహం పెట్టింది. ఆవిడ నేననుకున్నదానికన్నా మంచి టీచరు.

పెళ్ళిళ్ళు ఆగలేదు. పోయిన వారం రెండు పసుపు దీపాల ఇళ్ళు వియ్యమందుకున్నాయి. విందులో బొబ్బట్లున్నాయి, ఒక్కొక్కరికి సగం. ఆ సగం కోసం కూడా కొట్టుకున్నారు. మనుషులు మారిపోయారని ఎవరైనా అంటే నమ్మకండి.

నా ఫలితం ఏడు. నీళ్ళ మీటరు మామూలుకొచ్చింది. దాన్ని తిట్టినందుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఇకనుంచి ఈ చిట్టాలో ఇంకొకటి కూడా రాయాలి. డాక్టరమ్మ చెప్పింది. ఆ పాదాలకి దెబ్బ తగిలినా తెలియదు కాబట్టి, ఆమె బదులు ఎవరో ఒకరు రోజూ చూడాలి. సాయంత్రం హైమ మంచం అంచున కూర్చుంటుంది, నేను నేల మీద కూర్చుని అద్దం పెట్టి అరికాళ్ళు చూస్తాను. మొదట్లో "మీరు నా కాళ్ళు పట్టుకోవడమేమిటండీ" అని ముడుచుకునేది. ఇప్పుడు టీ తాగుతూ చూపిస్తుంది. పంచాయతీవాళ్ళు చదవక్కర్లేదు. ఇది నేను చదవడానికి.

కుడి కాలు: అయిదు వేళ్ళు, అరికాలు శుభ్రం.

ఎడమ కాలు: మూడు వేళ్ళు. మూడూ బాగున్నాయి.